ఎనిమిది పిన్నుల ఇంజనూ, పచ్చ తీగా

నాకు ప్లగ్గులంటే ఒళ్ళు మంట. నా ఉద్యోగమే వాటితో. సారపాక కాగితం మిల్లులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. షిఫ్టు ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఒకడి కేబులు ఇంకొకడి డబ్బాలో పట్టదు, ఒకడి మీటరు చెప్పేది ఇంకొకడి ప్యానెలుకు అర్థం కాదు. ఆ గోల మిల్లు గేటు దగ్గరే ఆగిపోతే బాగుండేది. నా ఖర్మ కొద్దీ నేను ఏరికోరి పెట్టుకున్న సరదాలో కూడా అదే గోల. చిన్న రైళ్ళు. వాటిని బొమ్మ రైళ్ళంటే నాకు కోపం. అసలు ఇంజన్ను కొలత తప్పకుండా ఎనభై ఏడో వంతుకు కుదించి చేసిన నమూనాలవి. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ బొమ్మ రైలనే అంటుంది, కావాలని.

ఇప్పటి నమూనా ఇంజన్ల కడుపులో డీకోడర్ అని ఒక చిన్న బోర్డు ఉంటుంది, బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దది. పట్టాల మీద ఎప్పుడూ కరెంటు ఉంటుంది. మన చేతిలోని కంట్రోలర్ పంపిన ఆజ్ఞను పట్టాల గుండా అందుకుని ఆ బోర్డు మోటారును తిప్పుతుంది, దీపం వెలిగిస్తుంది, కూత వేయిస్తుంది. అది పాడైతే ఊడబెరికి ఇంకొకటి పెట్టుకోవాలి, అందుకు ఒక ప్లగ్గు ఉండాలి. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. ఆ ప్లగ్గుకు ఎన్ని పిన్నులుండాలి అన్న దగ్గర మొదలైంది దరిద్రం.

ఆరు చాలన్నాడు ఒకడు. ఎనిమిది ఉండాలన్నాడు ఇంకొకడు. తర్వాత వచ్చినవాళ్ళు పదహారన్నారు, పద్దెనిమిదన్నారు, ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై నాలుగు అన్నారు. ఇరవై ఒకటికీ ఇరవై రెండుకీ ఒక్క పిన్ను తేడాయే కదా, ఎట్లాగో సర్దుకోవచ్చనుకుంటాం. సర్దుకోలేం. ఇరవై ఒకటి రకంలో పిన్నులు ఇంజన్ వైపు ఉంటాయి, ఇరవై రెండు రకంలో డీకోడర్ వైపు ఉంటాయి. ఆ ఇంజన్లో ఈ డీకోడర్ పెట్టబోతే పీటల మీద ఇద్దరూ పెళ్ళికొడుకులే కూర్చున్నట్టు ఉంటుంది. తిప్పాల్సింది ఒక్క మోటారు, వెలిగించాల్సింది రెండు దీపాలు. దానికి ఇన్ని మతాలు! ఒక్క పూట ఒక బల్ల చుట్టూ కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతిని తేల్చుకోలేక ఆ పెద్దమనుషులు మన నెత్తిన పడేశారు.

వాళ్ళను తిట్టడం తేలిక. నేను చెప్పబోయేది నన్ను నేను తిట్టుకోవాల్సిన సంగతి. మా మామ గురించి.

మామ, అంటే మా ఆవిడ తండ్రి, కొత్తగూడెంలో బొగ్గుబాయి ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ప్రతి డిసెంబరులో ఆర్టీసీ బస్సు దిగి, చేతిలో ఒక రేకు పనిముట్ల డబ్బాతో మా ఇంటికి వచ్చి నెల రోజులుండేవాడు. కూతుర్ని చూడ్డానికని పేరు. అసలు పని మా చర్చిలో. అక్కడ క్రిస్మస్‌కు పశువుల పాక కడతారు. అట్టపెట్టెలు చింపి కొండలు, జామాయిల్ కొమ్మలు గుచ్చి అడవి. ఆ కొండల చుట్టూ ఒక రైలు తిరుగుతుంది. బెత్లెహేములో రైలేమిటని మొదట్లో నవ్విన వాళ్ళే తర్వాత పిల్లల్ని భుజాలకెత్తుకుని దాన్ని చూడ్డానికి వచ్చేవాళ్ళు. ఆ రైలు మామది. పూర్వం ఇక్కడ పనిచేసి తన దేశానికి వెళ్ళిపోయిన ఒక ఫాదర్ గారు పంపిన ఇంజన్. మామ దానికి బొగ్గు యార్డులో తిరిగే డీజిల్ ఇంజన్ రంగు వేశాడు. లోపల ఎనిమిది పిన్నుల సాకెట్.

ఆయన్ని నేను 'మామా' అంటూ 'మీరు' అనేవాణ్ణి. ఆ 'మీరు'లో గౌరవం కన్నా దూరమే ఎక్కువ. పెళ్ళైన కొత్తలో మా ఇంట్లో నేను బిగించిన స్విచ్చుబోర్డును, నేను డ్యూటీలో ఉండగా, ఊడదీసి మళ్ళీ బిగించాడు. 'అల్లుడు బిగిచ్చింది మంచిగనే ఉన్నది, జరంత వంకరున్నది' అన్నాడట. ఆ మాట మీద కోపం నాలో అప్పుడు పడ్డది. పాతికేళ్ళు అయినా అక్కడే ఉంది.

అందుకే నేనూ ఒక ఇంజన్ కొన్నాను. ఇరవై ఒక్క పిన్నులది, కూత వేసేది, బ్రేకు కిర్రుమనేది. ఆ ఏడాది పాక దగ్గర నా ఇంజనే తిరగాలని నా పంతం. పట్టా ఒక్కటే, ఒక్క ఇంజనే తిరగాలని చర్చి పెద్దల మాట. రెండూ తిప్పి చూపించమన్నారు. మామ ఇంజన్ నత్తలాగా, కానీ ఆగకుండా తిరిగింది. నాది మూడో చుట్టులో మలుపు దగ్గర పట్టా తప్పి, యోసేపు విగ్రహాన్ని పడగొట్టి, పక్కకు పడి కూత వేస్తూనే ఉంది. మామ దాన్ని ఎత్తి, మూత తీసి, లోపలి పిన్నుల్ని కళ్ళద్దాల కింద నుంచి చూశాడు.

"ఏంది అల్లుడు, గిన్ని కాళ్ళున్న జెర్రిని దెచ్చినవ్? గింతంత ఇంజనుకు గిన్ని కాళ్ళెందుకు? ఎక్కువ కాళ్ళున్నా పట్టా మీద నడవకపాయె!"

చర్చి చర్చంతా నవ్వింది. ఫాదర్ గారు కూడా నవ్వారు. మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి. ఆ రోజు నుంచి మిల్లులో కూడా కొందరు నన్ను చూసి 'జెర్రి ఎట్లున్నదే?' అని అడిగేవాళ్ళు. నాకు మామ మీద పుట్టింది చిన్న చిరాకు కాదు. ద్వేషమే. ఇప్పుడు ఆ మాట రాయడానికి సిగ్గేస్తోంది గానీ మరో మాట సరిపోదు.

తర్వాతి వర్షాకాలంలో గోదావరి రెండో హెచ్చరిక దాటి మా వీధిలోకి వచ్చింది. పండగ అయ్యాక మామ తన రైలు పెట్టెను మా ఇంట్లోనే వదిలి వెళ్ళేవాడు. బియ్యం, బట్టలు, సర్టిఫికెట్లు, నా ఇంజన్, అన్నీ అటక మీదికి ఎక్కించాను. మామ పెట్టె మంచం కిందే ఉండిపోయింది. మరిచిపోయానని మా ఆవిడతో చెప్పాను. నిజంగా మరిచిపోయానా అని నన్ను నేను ఎప్పుడూ గట్టిగా అడుక్కోలేదు. నీళ్ళు తీశాక చూస్తే ఇంజన్ తుడుచుకుంటే బాగయ్యేట్టే ఉంది, డీకోడర్ మాత్రం పోయింది. ఆయన కంట్రోలర్ కూడా పోయింది.

డిసెంబరులో మామ వచ్చి, పెట్టె చూసుకుని, మూసి పక్కన పెట్టాడు. రెండో రోజు అడిగాడు.

"అల్లుడు, ఎనిమిది కాళ్ళ డీకోడర్ ఒకటి తెప్పిస్తవా? నీకు గా ఆన్‌లైన్‌ల తెలుసు గదా."

"ఎనిమిదివి ఇప్పుడు వస్తలేవు మామా. పాతబడ్డయి. అన్నీ ఇరవై ఒకటే" అన్నాను.

అబద్ధం. అలాంటి డీకోడర్ ఒకటి, కవరు కూడా విప్పనిది, నా బీరువా సొరుగులోనే ఉంది. ఎప్పుడో రెండు సామాన్లు కలిపి కొన్నప్పుడు వచ్చింది. పాకను నేను గెలవలేకపోయాను కాబట్టి ప్లగ్గుతో గెలుద్దామనుకున్నాను. నా ఇన్నేళ్ళ తిట్లు ఏ కంపెనీల మీదైతే కురిపించానో, ఆ కంపెనీల పని నేనే చేశాను.

మామ ఓడిపోయే రకం కాదు. హైదరాబాదులో ఎవరినో పట్టుకుని, అసలు ప్లగ్గే లేకుండా ఒట్టి తీగలతో ఉండే డీకోడర్ తెప్పించుకున్నాడు. బాయిలో ఆయన చేసినంత కాలం చేత్తో అతికిన అతుకులే. ప్లగ్గులను నమ్మేవాడు కాదు. ఒక ఆదివారం పొద్దున, చర్చిలో పూజ అయ్యాక, మా వరండాలో పాత పేపరు పరుచుకుని కూర్చున్నాడు. కళ్ళద్దాలకు దారం కట్టి చెవుల వెనక ముడేసుకున్నాడు. ఇంజన్లోంచి ఎనిమిది పిన్నుల సాకెట్ను కత్తిరించి పారేసి, రంగు రంగు తీగల్ని ఒక్కొక్కటే సోల్డరింగ్ ఐరన్‌తో అతుకుతున్నాడు. చెయ్యి కాస్త వణుకుతోంది. కానీ ఐరన్ మొన సీసానికి తాకే క్షణాన ఆ వణుకు ఆగేది. నేను గుమ్మంలో నిలబడి అదే చూస్తున్నాను, ఎక్కడ తప్పు చేస్తాడా అని.

చేశాడు. ఎర్ర తీగ, నల్ల తీగ పట్టాలకు. నారింజ, బూడిద రంగు మోటారుకు. తెలుపు, పసుపు, నీలం దీపాలకు. కంపెనీవాడి కాగితంలోని బొమ్మ చూసి అన్నీ సరిగ్గా అతికాడు. ఒక్క పచ్చ తీగ మిగిలింది. బొమ్మలో అది ఎటూ పోకుండా ఊరికే ఉంది. మామ దాన్ని తీసి ఇంజన్ ఇనుప చట్రానికి పెట్టి గట్టిగా అతికాడు.

"పచ్చది బాడీకి పడాలె అల్లుడు. గది లేకుంటే మనిషి పోతడు" అన్నాడు తలెత్తకుండానే.

అది ఆయన మతం. మామూలు కరెంటు పనిలో పచ్చ తీగంటే ఎర్తు. బాయి లోపల ఒక పంపు దగ్గర, ఎవరో పచ్చ తీగ విప్పి మళ్ళీ బిగించడం మరిచిపోతే, ఆయనకు జోడీగా పనిచేసే మనిషి తడి చేత్తో పంపును పట్టుకుని అక్కడే పోయాడు. మామ ఆ సంగతి చెప్పినప్పుడల్లా పంపు ఏ మూల ఉండేదో, ఏ షిఫ్టో చెప్పేవాడు. ఆ మనిషి గురించి మాత్రం 'మంచోడు' అని ఆగిపోయేవాడు. ఆ తర్వాత సర్వీసంతా పచ్చ తీగ కనపడితే బాడీకి వెయ్యందే ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. మా ఇంట్లో మిక్సీ, ఇస్త్రీపెట్టె, అన్నింటి ప్లగ్గులూ ఆయన విప్పి చూసినవే.

కానీ డీకోడర్ ప్రపంచంలో పచ్చ అంటే ఎర్తు కాదు. అది ఇంకో దీపానికో, పొగ వేసే సామానుకో పెట్టుకునే తీగ. కంట్రోలర్ మీద ఒకటో బటన్ నొక్కితే పనిచేస్తుంది. మామ ఇంజన్ చట్రానికి ఒక పట్టా కరెంటు తాకుతూ ఉంటుంది. ఆ బటన్ నొక్కనంత సేపు ఏమీ కాదు. నొక్కితే తిన్నగా షార్టు. ఇదంతా నాకు ఆ గుమ్మంలో ఒక్క చూపులో అర్థమైంది. చెప్పడానికి ఒక్క మాట చాలు.

"మీ ఇష్టం మామా" అన్నాను.

నా కంట్రోలరే తెచ్చి ఇచ్చాను, పెద్ద మనసున్నవాడిలా. ఇంజన్ వరండాలో చక్కగా నడిచింది. మామ మొహం వెలిగిపోయింది. "జూసినవా, ప్లగ్గు లేదు, గిగ్గు లేదు" అన్నాడు. మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

పండగకు ముందు శనివారం సాయంత్రం పాకను తెరిచారు. పాటలవాళ్ళు ఒక పక్క, జనం మూడు పక్కలా. మామ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని నా కంట్రోలర్ పట్టుకుని నిలబడ్డాడు. రైలు కొండ చుట్టూ తిరిగింది, ఒకటి, రెండు, పది చుట్లు. చలికాలం, త్వరగా చీకటి పడుతోంది. ఫాదర్ గారు ముందుకు వంగి అడిగారు.

"పెద్దాయనా, ఇంజనుకు లైటు లేదా?"

"ఉన్నది ఫాదర్, ఎందుకుండదు." మామ కంట్రోలర్ మీది బటన్లను చూసి, నా వైపు తిరిగాడు. "ఏది నొక్కాలె అల్లుడు?"

దీపం బటన్ సున్నా. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆయన అందరి ముందూ నన్ను అడిగాడు. నేను లేకపోతే తనకు తెలియదని అందరి ముందూ ఒప్పుకున్నాడు. అక్కడ ఆగినా నా పంతం తీరినట్టే. నాకు జెర్రి గుర్తొచ్చింది.

"ఒకటి నొక్కుండ్రి మామా" అన్నాను.

నొక్కాడు. ఇంజన్ ఆగిపోయింది. మూత సందులోంచి సన్నగా పొగ, కాలిన ప్లాస్టిక్ వాసన. మా ఆవిడ పరుగున వచ్చి పట్టాల పక్కన పరిచిన గడ్డిని చేతులతో లాగేసింది. నేను కరెంటు తీసేశాను. పాట మధ్యలో ఆగింది. ఎవరో నవ్వారు, ఎవరో 'అయ్యో' అన్నారు. మామ ఇంజన్ను ఒట్టి చేత్తో ఎత్తాడు. వేళ్ళు చుర్రుమన్నా దించలేదు. పక్కనున్న బెంచీ మీద కూర్చుని మూత తీసి చూశాడు. డీకోడర్ నల్లగా మాడింది. వేడికి సీసం కరిగి, పచ్చ తీగ చట్రం మీంచి ఊడి వేలాడుతోంది.

ఆయన ఆ తీగను వేలితో పైకెత్తి చూశాడు. తర్వాత నాతో, ఎవరికీ వినపడకుండా, "ఎర్తు ఊడింది అల్లుడు. నా అతుకు ఊడింది" అన్నాడు.

ఆయనకు అర్థమైంది అదీ. పచ్చ తీగ అక్కడ ఉండడం తప్పని కాదు, అది ఊడడమే తప్పని. బాయిలో ఒక మనిషిని పొట్టన పెట్టుకున్న తప్పు ఈసారి తన చేతులే చేశాయని. అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఇంటికి వెళ్ళి నా ఇరవై ఒక్క పిన్నుల ఇంజన్ తెచ్చి పెట్టాను. అది కూత వేసింది, పట్టా తప్పలేదు, జనం చప్పట్లు కొట్టారు. మామ వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒక చేతి వేళ్ళను ఇంకో చేత్తో పట్టుకుని చూశాడు. నాకు ఆ సాయంత్రం సంతోషంగానే ఉంది. ఆ సంగతి దాచను.

పండగ మర్నాడు బస్సెక్కేముందు పనిముట్ల డబ్బా నా ముందు పెట్టాడు.

"గిది నీ కాడనే ఉండని. నా చేతులల్ల పని అయిపోయింది."

"అట్లెందుకు మామా" అన్నాను, ఎదుటివాళ్ళ కోసం అనే మాటలా. డబ్బా తీసుకున్నాను.

ఆ ఏడాదంతా ఆయన ఊసు మా ఇంట్లో పెద్దగా రాలేదు. దసరా ముందు కొత్తగూడెం వెళ్ళి వచ్చిన మా ఆవిడ అన్నం వడ్డిస్తూ చెప్పింది. "మా నాయిన ఫ్యాను రెగ్యులేటర్ మార్చనీకి మనిషిని పిలిపిచ్చిండు. నాయినేమో స్టూలు పట్టుకొని నిలబడ్డడు, గాలి పీల్చకుండ." చెప్పి తనకూ వడ్డించుకుంది. ఊళ్ళో సగం ఇళ్ళకు వైరింగు చేసిన మనిషి ఇంకొకడికి స్టూలు పట్టుకున్నాడు. చేసింది నేను. నా ఒక్క మాట.

డిసెంబరులో మామ ఒట్టి చేతులతో వచ్చాడు. రైలు ఊసెత్తలేదు. నేను సొరుగులోంచి ఎనిమిది పిన్నుల డీకోడర్ తీసి, నిరుడు మా ఇంట్లోనే వదిలి వెళ్ళిన ఆయన ఇంజన్‌కు కొత్త సాకెట్ వేసి, ప్లగ్గు నొక్కాను. క్లిక్ మంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో ఆయన ముందు పెట్టాను. ఏం చెప్పాలో మాత్రం సిద్ధం చేసుకోలేదు.

ఆయన మూత తీశాడు. "ఎనిమిదివి వస్తలేవంటివి?"

"ఒకటి నా కాడనే ఉండె మామా. నిరుడే ఉండె."

ఆయన ఒక్కసారి నన్ను చూసి, మళ్ళీ లోపలికి చూశాడు. వేలితో పచ్చ తీగను వెంబడించాడు. "ఇది ప్లగ్గుల వడ్డది. బాడీకి ఏది?"

"దీంట్ల పచ్చ ఎర్తు కాదు మామా. బాడీకి తాకితే కాలిపోతది."

వరండా ముందు నుంచి జామాయిల్ కర్ర లారీ ఒకటి పోయింది.

"నేను అతికేటప్పుడు నువ్వు గుమ్మంల ఉంటివి."

"అవ్."

"జూసినవ్."

"అవ్ మామా."

"మరి ఒకటి నొక్కుమన్నది?"

నేను తల దించుకున్నాను. చెంప మీద కొడతాడనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. తలెత్తి చూస్తే ఆయన నన్ను చూడడం లేదు. రెండు చేతులూ చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

"అయితే నా అతుకు ఊడలే" అన్నాడు, తనలో తనే. "కాలి ఊడింది. ఊరికె ఊడలే." ఆ మొహంలో ఉన్నది సంతోషమే. దాన్ని చూడడం నా వల్ల కాలేదు.

"నా డబ్బా యాడున్నది? తే."

తెచ్చాను. సోల్డరింగ్ ఐరన్ పెట్టి వేడెక్కనిచ్చాడు. నేను అంతసేపు కూర్చుని వేసిన కొత్త సాకెట్ను, కొత్త ప్లగ్గును కట్టర్‌తో తెంపి నా ముందుకు తోశాడు. "నీ ప్లగ్గు నువ్వే ఉంచుకో." తీగల్ని ఒక్కొక్కటే అతికాడు. చెయ్యి వణికింది, సీసం దగ్గర ఆగింది. పచ్చ తీగ దగ్గరికి వచ్చి కాసేపు అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత దాని కొసకు టేపు చుట్టి, ఎటూ తాకకుండా మడిచి పెట్టాడు. ఆ ఒక్క పనికి ఆయన ఎంత బలవంతం చేసుకున్నాడో నాకు కనిపించింది.

ఆ క్రిస్మస్‌కు పాక చుట్టూ మామ ఇంజనే తిరిగింది. ఫాదర్ గారు మళ్ళీ దీపం అడిగారు. నేను పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉన్నాను. మామ నా వైపు తిరగలేదు. కళ్ళద్దాలు పైకి తోసుకుని, కంట్రోలర్ను దీపాల మాల దగ్గరగా పెట్టుకుని, బటన్ల మీది అంకెల్ని ఒక్కొక్కటే చదువుకుని, సున్నా నొక్కాడు.